జీఈటీ ఇంటర్వ్యూ: ఒకసారి పోయింది, ఒకసారి వచ్చింది

ఫ్రెండ్స్, పోయిన నెల ఒక కోర్ కంపెనీలో, అంటే మన బ్రాంచి పనే ఉండే కంపెనీలో, గ్రాడ్యుయేట్ ఇంజినీర్ ట్రైనీగా, అదే మనం జీఈటీ అంటామే, సెలెక్ట్ అయ్యాను. నాది మెకానికల్. టెక్నికల్ రౌండ్ దాకా వెళ్లింది రెండు కంపెనీల్లో. మొదటిది పోయింది. మీకు ఎక్కువ పనికొచ్చేది ఆ పోయినదే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

అది హైదరాబాద్‌లో జరిగింది. ఆన్‌లైన్ టెస్టు, గ్రూప్ డిస్కషన్ దాటి టెక్నికల్ రౌండ్‌కి వెళ్లాను. లోపల ముగ్గురున్నారు. అంతకుముందు రెండు నెలలు అమీర్‌పేట హాస్టల్లో కూర్చుని థర్మో, ఫ్లూయిడ్స్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ ఫార్ములాలన్నీ కంఠతా పట్టాను. వాళ్లు వాటి జోలికే రాలేదు. మధ్యలో కూర్చున్న పెద్దాయన నా రెజ్యూమె చూస్తూ, "విశాఖ స్టీల్ ప్లాంట్‌లో ట్రైనింగ్ చేశావా? ఏ డిపార్ట్‌మెంట్?" అన్నారు. కోక్ ఓవెన్స్ అన్నాను, అంటే బొగ్గుని కాల్చి కోక్ చేసే కొలుములు. "అక్కడ కోక్‌ని దేంతో చల్లారుస్తారు?"

థర్డ్ ఇయర్ వేసవిలో అక్కడ ట్రైనింగ్ చేసిన మాట నిజం. ముందు నిలబడ్డవాళ్లు గైడ్ చెప్పేది రాసుకుంటుంటే మా బ్యాచ్ వెనకాల నీడ వెతుక్కున్న మాటా నిజమే. రిపోర్టు సీనియర్ దగ్గర తీసుకుని పేర్లు మార్చి ఇచ్చేశాం. "నీళ్లతో సార్" అన్నాను, అదీ గట్టిగా. "నువ్వు చూశావా?" అన్నారు. చూశానన్నాను. ఆయన కోప్పడలేదు, కాగితం మీద చిన్నగా ఏదో రాసుకున్నారు. అడ్డంగా దొరికిపోయానని నాకు అప్పుడే తెలిసిపోయింది. తర్వాత అడిగిన రెండు మూడు ప్రశ్నలకి తెలిసిన జవాబులు కూడా నోటికి రాలేదు.

రాత్రి హాస్టల్‌కొచ్చి వెతికితే విషయం తేలింది. విశాఖలో ఉన్నది డ్రై క్వెంచింగ్, అంటే నీళ్లు లేకుండా చల్లార్చడం. ఓవెన్‌లోంచి సుమారు వెయ్యి డిగ్రీల వేడితో వచ్చే కోక్‌లోంచి నైట్రోజన్‌ని పంపిస్తారు. వేడెక్కిన ఆ గ్యాస్ బాయిలర్‌కి వెళ్లి ఆవిరి తయారుచేస్తుంది, ఆవిరితో టర్బైన్ తిప్పుతారు. అదే నీళ్లు పోస్తే వేడంతా గాల్లో కలిసిపోతుంది, పైగా కోక్‌కి తేమ పడుతుంది. నేను రాత్రింబవళ్లు చదివిన హీట్ ట్రాన్స్‌ఫర్, పవర్ ప్లాంట్ రెండూ ఆ ఒక్క ప్రశ్నలోనే ఉన్నాయి. "నేను సరిగ్గా గమనించలేదు సార్" అని ఒప్పుకుని ఉంటే ఏమయ్యేదో గానీ, చూశానని చెప్పడం మాత్రం నా కొంప ముంచింది.

ఆ తర్వాత కొత్త పుస్తకాలేమీ కొనలేదు. రెజ్యూమె ప్రింట్ తీసి ప్రతి లైను పక్కన "ఎందుకు, ఎలా, ఎంత" అని రాసుకుంటూ పోయాను. జవాబు చెప్పలేని లైన్లు నాలుగు తేలాయి, కొట్టేశాను. క్యాటియా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో నైపుణ్యం అని ఒకటి ఉండేది, చూస్తే నాకే నవ్వొచ్చింది. రెజ్యూమె ఒక పేజీకి తగ్గింది. మా రూమ్మేట్ ఎలక్ట్రికల్. వాడి ఇంటర్వ్యూలో ట్రాన్స్‌ఫార్మర్ రేటింగ్ కేవీఏలో (వోల్టేజీని కరెంటుతో గుణిస్తే వచ్చే లెక్క) ఎందుకిస్తారు, కిలోవాట్లలో ఎందుకివ్వరు అని అడిగారట. నష్టాలు వోల్టేజీ, కరెంటు మీద ఆధారపడతాయి గానీ పవర్ ఫ్యాక్టర్ మీద కాదని వాడు చెప్పగానే, "మీ వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని కేవీఏ?" అన్నారట. అక్కడ ఆగిపోయాడు. సివిల్ ఫ్రెండ్ ఒకడు ఎం25 కాంక్రీట్ అంటే 28 రోజులకి చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల బలమని టకీమని చెప్పేశాడు. వెంటనే "28 రోజులే ఎందుకు?" అనేసరికి తడబడ్డాడు. ఇంటర్వ్యూ చేసేవాళ్లకి కావలసింది మొదటి జవాబు కాదు, దాని వెనక వచ్చే ప్రశ్నకి జవాబు.

రెండో ఇంటర్వ్యూ చెన్నైలో. సామర్లకోటలో సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దున్నే ఎగ్మోర్‌లో దిగాను. గ్రూప్ డిస్కషన్ ఎలక్ట్రిక్ వాహనాల మీద పెట్టారు. మాలో ఒకడు అందరికంటే గట్టిగా అరిచాడు, లిస్టులో వాడి పేరు రాలేదు. ఆ రౌండ్ గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

టెక్నికల్‌లో ఇద్దరే ఉన్నారు. ఒక మేడమ్ నాన్న ఏం చేస్తారని అడిగారు. వ్యవసాయం అన్నాను. "అయితే పంపుల గురించి మాట్లాడుకుందాం" అని పేపరూ పెన్నూ నా ముందుకు తోశారు. మాది పెద్దాపురం వైపు మెట్ట ఊరు. చిన్నప్పుడు మా బావిలో నీళ్లు దిగిపోతే నాన్న మోటారుని గట్టు మీద నుంచి తీసి, బావి లోపల దిమ్మ కట్టి దాని మీద పెట్టించారు. అదే బొమ్మ గీశాను. "ఎందుకు దించారు? పెద్ద మోటారు పెడితే సరిపోయేది కదా?" అన్నారు.

ఎంత పెద్ద మోటారైనా నీటిని లాగదండీ, లోపల పీడనం తగ్గిస్తుంది, బయటి గాలి నీటిని పైకి నెడుతుంది. ఆ గాలి మోయగలిగేది 10.3 మీటర్ల నీటినే, పైపులో నష్టాలవీ పోతే ఏడెనిమిది మీటర్లు దాటితే కష్టం. ఇంగ్లిష్‌లో ముక్కలు ముక్కలుగానే చెప్పాను, మధ్యలో రెండుసార్లు ఆగాను కూడా. మేడమ్ తొందరపెట్టలేదు. స్టార్ట్ చేసే ముందు పంపులో నీళ్లెందుకు పోస్తారని అడిగారు. నాన్న బిందెతో నీళ్లు పోస్తూ "గాలి పట్టిందిరా" అనడం గుర్తొచ్చింది. గాలి సాంద్రత నీటి సాంద్రతలో దాదాపు ఎనిమిది వందలో ఒక వంతే, ఇంపెల్లర్ (పంపు లోపల తిరిగే చక్రం) దాన్ని ఎంత తిప్పినా చాలినంత సక్షన్ రాదు అని చెప్పి, పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వ్ కూడా గీశాను. తర్వాత కేవిటేషన్ (పీడనం పడిపోయి పంపులో ఆవిరి బుడగలు రావడం), అది రాకుండా సక్షన్ వైపు ఉండాల్సిన పీడనం లెక్క ఎన్‌పీఎస్‌హెచ్ గురించి అడిగారు. రెండో ఆయన బేరింగ్ నంబర్లు చదవమంటే మాత్రం "తెలీదు సార్" అన్నాను. "ఓకే" అని వదిలేశారు. ఆ మాట అనడానికి ఒక ఉద్యోగం పోగొట్టుకోవాల్సి వచ్చింది నాకు.

హెచ్ఆర్ రౌండ్ పది నిమిషాలు. డిగ్రీ తర్వాత గ్యాప్ ఎందుకొచ్చిందన్నారు. ఎంటెక్ సీట్ల కోసం రాసే గేట్ పరీక్ష రాశాను, ర్యాంకు సరిపోలేదని ఉన్నదున్నట్టు చెప్పాను. గుజరాత్ సైట్‌కి వెళ్తావా, బాండ్‌కి ఒప్పుకుంటావా అన్నారు. వెళ్లేముందే ఇంట్లో మాట్లాడి ఉండటం వల్ల తడుముకోకుండా చెప్పగలిగాను. బాండ్ ఎన్నేళ్లో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో మీరు కూడా అక్కడే అడగండి, వాళ్లేమీ అనుకోరు.

ఇంకొకటి. టెన్త్ మెమో, సీఎంఎం (డిగ్రీ మార్కులన్నీ కలిపి ఇచ్చే మెమో), ప్రొవిజనల్ సర్టిఫికెట్, ఆధార్ అన్నిట్లో పేరు ఒకేలా ఉందో లేదో ఇవాళే చూసుకోండి. నా టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరమే. సెలెక్ట్ అయ్యాక కూడా వెరిఫికేషన్‌లో ఆపారు. జాయినింగ్ దగ్గరపడుతోంది, నేనింకా ఆధార్ సెంటర్ చుట్టూనే తిరుగుతున్నాను.