కర్వ్‌డ్ మానిటర్ కొనేముందు టేపు తీసి టేబుల్ కొలవండి

కర్వ్‌డ్ మానిటర్ కొంటానన్న ప్రతివాడినీ నేను ముందు ఒకటే అడుగుతున్నా, నీ కంటికీ స్క్రీన్‌కీ మధ్య దూరం ఎంతరా అని. ఒక్కడూ చెప్పడు. 165 హెర్ట్జ్ (సెకనుకి స్క్రీన్ ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క) అంటాడు, 1 మిల్లీసెకండ్ (స్క్రీన్ మీది చుక్క, అదే పిక్సెల్, మారే టైమట) అంటాడు, 1500ఆర్ (వంపు అంకె) అంటాడు, ఆ దూరం మాత్రం ఎవడూ కొలవలేదు. మొన్న మా అత్త కొడుకు ఆకివీడు నుంచి ఫోన్ చేసి "బావా, 27 కర్వ్ తీసుకోనా, 34 అల్ట్రావైడ్ తీసుకోనా, ఆఫర్ అయిపోతోంది" అని ఒకటే తొందర. 27, 34 అంటే అంగుళాలు, అల్ట్రావైడ్ అంటే మామూలు దానికంటే పక్కలకి బాగా పొడుగున్న స్క్రీన్. వాడికి చెప్పిందే ఇక్కడ కూడా రాసేస్తున్నా, ప్రతివాడికీ ఫోన్‌లో చెప్పే ఓపిక లేదండి బాబూ.

ఆర్ పక్కనున్న అంకె వ్యాసార్ధం, మిల్లీమీటర్లలో. 1500ఆర్ అంటే మీటరున్నర తాడుతో గీసిన సున్నాలో ఒక ముక్క, 1000ఆర్ అంటే మీటరు తాడు, అంకె తగ్గేకొద్దీ వంపు ఎక్కువ. కావాలంటే డాబా మీద తాడుకి సుద్దముక్క కట్టి గీసి చూస్కోండి, నేను గీశా. 27 అంగుళాల స్క్రీన్ వెడల్పు ఇంచుమించు 60 సెంటీమీటర్లు, అంత ముక్కలో 1500ఆర్ వంపుకి మధ్యభాగం లోపలికి వెళ్లేది 3 సెంటీమీటర్లు. రెండు వేళ్ల మందం, అంతే. దీనికా డబ్బా మీద అంత హడావిడి! అదే 34 అల్ట్రావైడ్ అయితే 80 సెంటీమీటర్ల వెడల్పు, అదే వంపుకి 5 దాటుతుంది, 1000ఆర్ అయితే 8 దాకా వెళ్తుంది. అప్పుడు తెలుస్తుంది వంపంటే.

అసలు వంపు ఎందుకంటే, మీరు 65 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే 34 ఫ్లాట్ స్క్రీన్ అంచు మీ కంటికి 76 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, అంటే మధ్యకంటే 11 ఎక్కువ, పైగా ఏటవాలుగా కనబడుతుంది. వంపు ఆ అంచుని మీవైపు తిప్పుతుంది. 27లో ఆ తేడా ఆరేడు సెంటీమీటర్లే కాబట్టి ఫ్లాట్ అయినా కన్ను పెద్దగా పట్టించుకోదు. నా లెక్కలో 27 దాకా వంపుకి ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వక్కర్లేదు, 32 మీ ఇష్టం, 34 అయితే మాత్రం కర్వే తీసుకోండి.

మరి 27 కర్వ్‌లు ఎందుకంత చవగ్గా దొరుకుతాయి అంటారా, వాటిలో ఎక్కువ వీఏ ప్యానెల్స్. వీఏ, ఐపీఎస్ అనేవి ఎల్‌సీడీ స్క్రీన్‌లో రెండు రకాలు, కాంట్రాస్ట్ అంటే తెలుపుకీ నలుపుకీ వెలుగులో తేడా. వీఏ కాంట్రాస్ట్ మామూలుగా 3000:1 ఉంటుంది, ఐపీఎస్ 1000:1 చుట్టూ తిరుగుతుంది, అందుకే రాత్రి లైట్ ఆపి ఆడితే వీఏలో నలుపు నిజంగా నలుపులా ఉంటుంది, ఐపీఎస్‌లో బూడిద రంగు తేలుతుంది. కానీ చవక వీఏలో ఒక రోగం ఉంది. చీకటి గుహలో వెళ్తూ మౌస్‌ని విసురుగా తిప్పండి, స్తంభాల అంచులు కాటుక చెరిగినట్టు పక్కకి సాగుతాయి. నలుపు నుంచి ముదురు బూడిదకి మారడానికి ఆ పిక్సెల్స్‌కి టైం పడుతుంది మరి, 144 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేమ్‌కి దొరికేది 7 మిల్లీసెకండ్లే. డబ్బా మీద 1 మిల్లీసెకండ్ అని ఉంది కదా అంటారు, దాని పక్కన చిన్నక్షరాల్లో ఎంపీఆర్‌టీ అని ఉంటే అది బ్యాక్‌లైట్‌ని ఆర్పి వెలిగించి తెచ్చిన లెక్క, పిక్సెల్ మారే స్పీడ్ కాదు.

ఇంకోటి, ఇది మన డెల్టా ఇళ్లకి బాగా వర్తిస్తుంది. మా గదికి పడమటి కిటికీ, కిటికీ అవతల చెరువు. సాయంత్రం నాలుగున్నరకి నీళ్ల మీద ఎండ పడి ఆ తళతళ మొత్తం గదిలోకి వస్తుంది. ఫ్లాట్ స్క్రీన్ అయితే కాస్త పక్కకి తిప్పితే వెలుగు పోతుంది. ఫ్రెండ్ దగ్గర్నుంచి 1000ఆర్ ఒకటి తెచ్చి పెట్టి చూస్తే ఎటు తిప్పినా ఎక్కడో ఒకచోట పట్టుకుని ఆ వెలుగుని పొడుగ్గా సాగదీసి చూపిస్తోంది. మందం కర్టెన్ వేస్తే సరే, మే నెలలో కరెంట్ పోయాక కిటికీ మూసుకుని కూర్చోమంటే ఎవడు కూర్చుంటాడు.

సంక్రాంతికి చుట్టాలొచ్చినప్పుడు చూడాలండి అసలు. కర్వ్ అనేది ఒక్కడి కోసం చేసింది, ఎదురుగా మధ్యలో కూర్చున్నోడికే మజా. ఇద్దరు బావలు రెండు కంట్రోలర్లు పట్టుకుని చెరో పక్కా కూర్చుని, వెనకాల మంచం మీద నలుగురు పిల్లలు నిలబడితే పక్కనున్నోళ్లకి వీఏ రంగులు వెలిసిపోయి కనబడతాయి, "నాకు కనబట్లేదు" అని గొడవ. పీఎస్5 (ప్లేస్టేషన్ 5) పెట్టేవాళ్లైతే అల్ట్రావైడ్ మర్చిపోండి, దానికి 21:9 (అల్ట్రావైడ్ వెడల్పు-ఎత్తు లెక్క, మామూలు స్క్రీన్‌ది 16:9) లేదు, రెండు పక్కలా నల్ల పట్టీలే. 1440పీ (నిలువునా 1440 పిక్సెల్స్) కూడా 2022 సెప్టెంబర్‌లో గానీ ఇవ్వలేదు సోనీ వాళ్లు. పీసీలో కూడా వాలరెంట్ అనే షూటింగ్ గేమ్ ఆడేవాడికి అల్ట్రావైడ్ దండగ, అది 16:9 దాటి చూపించదు. ఫోర్జా హొరైజన్ లాంటి కార్ల గేమ్స్ ఆడేవాడికైతే పక్క రోడ్డంతా కనబడుతుంది, అక్కడ నేనేం అడ్డు చెప్పను.

గ్రాఫిక్స్ కార్డ్ సంగతి కూడా చూస్కోవాలి, పిక్సెల్స్ పెరిగేకొద్దీ దాని మీద బరువు పెరుగుతుంది. 1080పీ అంటే 20.7 లక్షల పిక్సెల్స్, 1440పీ 36.9 లక్షలు, 34 అల్ట్రావైడ్ (3440x1440 అయితే) 49.5 లక్షలు. 27లో 1080పీ మాత్రం తీసుకోకండి, అంగుళానికి 82 పిక్సెల్స్ వస్తాయి, అక్షరాలు గరుగ్గా ఉంటాయి. నాన్నగారు అదే స్క్రీన్‌లో చెరువు మేత లెక్కలు ఎక్సెల్‌లో చూసుకునే ఇల్లయితే ఇంకా ఇబ్బంది. ఫ్రీసింక్ (కార్డ్ ఫ్రేమ్స్ ఇచ్చే వేగానికి తగ్గట్టు స్క్రీన్ మారే ఏఎండీ పద్ధతి) ఉంటే చాలు, ఎన్విడియా కార్డులు కూడా 2019 జనవరి నుంచి దానితో పనిచేస్తున్నాయి. బిగించాక విండోస్‌లో హెర్ట్జ్ మార్చడం మర్చిపోకండి, 165 మానిటర్ కొని 60లో ఆడేవాళ్లు చాలామంది ఉన్నారు.

టేబుల్ సంగతి. మన వడ్రంగి చేసిన టేబుల్ రెండడుగుల లోతు, అంటే 60 సెంటీమీటర్లు, 34 కర్వ్ స్టాండ్ కాళ్లే అందులో పాతిక తినేస్తాయి. స్క్రీన్ ముక్కు మీదకి వస్తుంది. ఆర్మ్ (టేబుల్ అంచుకి బిగించే చెయ్యి లాంటి స్టాండ్) పెడదామంటే బరువు చూసుకోవాలి, గోడకి ఆనించి పెడదామంటే కర్వ్ వెనకభాగం గోడకి అతుక్కోదు.

చుట్టూ రొయ్యల చెరువులున్న ఊళ్లో రాత్రి ఏరేటర్లన్నీ ఒకేసారి తిరిగితే వోల్టేజ్ పడిపోతుంది. మానిటర్ అడాప్టర్ మీద 100-240 వోల్ట్స్ అని రాసి ఉంటే దానికి ఫర్వాలేదు, దెబ్బ తగిలేది కరెంట్ పోయి వచ్చిన క్షణంలో. గాలివాన మొదలైతే ప్లగ్ పీకేయడమే. యూపీఎస్ కొనేటప్పుడు 600 వీఏ (ఇక్కడ వీఏ అంటే వోల్ట్-ఆంపియర్, ప్యానెల్ వీఏ కాదు) అని చూసి మురిసిపోకండి, అలాంటివి మామూలుగా ఇచ్చేది 360 వాట్లే, గేమ్ నడుస్తుండగా కార్డూ ప్రాసెసరూ కలిసి ఆ లెక్క దాటేస్తే యూపీఎస్ కుయ్యిమని ఆగిపోతుంది.

32 అంగుళాలు దాటిన మానిటర్లకి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, 34 వైపు చూసేవాళ్లకి అది కలిసొచ్చే మాటే. మా ఆకివీడు వాడికి ఇదంతా చెప్పి టేబుల్ లోతు కొలవమంటే 58 సెంటీమీటర్లు వచ్చింది, వాడు ఆడేది వాలరెంట్. 27 ఫ్లాట్ ఐపీఎస్ 1440పీ ఆర్డర్ పెట్టించా, మిగిలిన డబ్బులతో 1000 వీఏ యూపీఎస్. డబ్బా వచ్చాక సీల్ దగ్గర్నుంచి వీడియో తియ్యమన్నా, తెల్ల స్క్రీన్, నల్ల స్క్రీన్ పెట్టి చచ్చిన పిక్సెల్స్ చూసుకున్నాకే థర్మాకోల్ పారేయమన్నా.