ఆల్చిప్పల పరీక్షలో ఒక్క ట్యూబు తేడా

ఆల్చిప్పలు, మసెల్స్ వంటి రెండు చిప్పల జీవులు చుట్టూ ఉన్న నీటిని వడగట్టి అందులోని నలుసులను తిని బతుకుతాయి కనుక, మురుగు కలిసిన నీటిలోని బ్యాక్టీరియా కూడా వాటి ఒంట్లో పోగవుతుంది. 1924-25 శీతకాలంలో అమెరికాలో ఇలాంటి ఆల్చిప్పలు తిని టైఫాయిడ్ సోకినవారిలో సుమారు 150 మంది చనిపోయారు.

యూరోపియన్ యూనియన్‌లో వీటిని పట్టే నీటి ప్రాంతాలను మలంతో నీరు కలుషితమైందని సూచించే పేగు బ్యాక్టీరియా ఈ.కోలి లెక్కను బట్టి వర్గీకరిస్తారు. ‘ఎ’ తరగతికి 80 శాతం నమూనాల్లో 100 గ్రాములకు 230 మించకూడదు, మిగిలినవి 700 దాటకూడదు. ‘ఎ’ తరగతి సరుకు నేరుగా తినడానికి అమ్ముకోవచ్చు. ‘బి’ తరగతిదైతే ముందు శుద్ధి చేయడమో, ఉడికించడమో తప్పదు.

అయితే ఈ లెక్క బ్యాక్టీరియాను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి చెప్పేది కాదు. నమూనాను మూడు పలుచనల్లో, ఒక్కోదానికి ఐదు ట్యూబుల చొప్పున, బ్యాక్టీరియాను పెంచే పోషక ద్రవమైన బ్రాత్‌లో వేసి, 37 డిగ్రీల వద్ద ఒక రోజు ఉంచి, పసుపు రంగుకు తిరిగినవాటి నుంచి ఈ.కోలిని రంగుతో చూపించే గట్టి పోషక పదార్థమైన టీబీఎక్స్ అగార్‌పై గీసి, 44 డిగ్రీల వద్ద నీలి-ఆకుపచ్చ కాలనీలు వచ్చాయో లేదో చూసి, ఎన్ని ట్యూబులు పాజిటివ్ అయ్యాయన్న దాన్నిబట్టి పట్టికలో అంచనా వెతుకుతారు. మొదటి వరుసలో ఐదూ పాజిటివ్, మిగతావన్నీ నెగటివ్ అయితే 230; రెండో వరుసలో ఇంకొక్కటి పాజిటివ్ అయితే 330. ఒక రైతు సరుకు గతి ఆ ఒక్క ట్యూబు మీద ఆధారపడవచ్చు.

అందుకే ప్రతి బ్యాచ్‌తో పాటు తెలిసిన ఈ.కోలిని, ఆ రంగు ఇవ్వని క్లెబ్సియెల్లా వంటి మరో బ్యాక్టీరియాను, ఏమీ వేయని బ్రాత్‌ను కూడా నడపాలి. చాలామంది పాజిటివ్ వచ్చినప్పుడే ఉలిక్కిపడి మళ్లీ సరిచూస్తారు. నా దృష్టిలో ఎక్కువ అనుమానించవలసింది అన్నీ నెగటివ్‌గా వచ్చిన రోజును. బ్రాత్ చెడినా, 44 డిగ్రీల ఇంక్యుబేటర్ వేడి పెరిగిపోయినా ఫలితం శుభ్రమైన నీటిదిలాగే కనిపిస్తుంది, తెలిసిన ఈ.కోలి పెరగకపోవడం ఒక్కటే ఆ లోపాన్ని బయటపెడుతుంది. (తీవ్రమైన జబ్బు కలిగించే ఓ157 రకం ఈ.కోలి సాధారణంగా ఈ రంగు ఇవ్వదు. ఈ పరీక్ష వెతికేది మలకాలుష్యపు ఆనవాలును మాత్రమే.)

ఇవన్నీ సక్రమంగా ఉన్నా, నమూనాను ల్యాబుకు తెచ్చే దారిలో వేడెక్కిన పెట్టెలో బ్యాక్టీరియా పెరిగిపోయి ఉంటే ఆ అంకె నీటి గురించి ఏమీ చెప్పదు. పెట్టె తెరవగానే ఉష్ణోగ్రత నమోదు చేసి, పరిమితి దాటిన నమూనాను తిరస్కరించే అధికారం దాన్ని అందుకునే ఉద్యోగికే ఉండాలి.