12 నిమిషాల దూరం

అంగారకుడి మీద జరిగే నా దెయ్యాల కథ పుస్తకంగా బయటికొచ్చిన పదకొండో రోజున ఒక పాఠకుడి మెయిల్ వచ్చింది. "కథ చదివి రాత్రంతా లైటు వేసుకునే పడుకున్నాను. కానీ అంగారకుడి మీదున్న అమ్మాయి, ఇక్కడున్న వాళ్ళ నాన్నతో పక్కగదిలో ఉన్నట్టు మాట్లాడుతుందేంటండీ?"

గుండె జారిపోయింది. ఆయన చెప్పింది నిజం. అంగారకుడు మనకి బాగా దగ్గరికొచ్చినప్పుడు కూడా రేడియో సంకేతం చేరడానికి 3 నిమిషాలు పడుతుంది. బాగా దూరమైనప్పుడు 22 నిమిషాల దాకా. అదీ ఒకవైపుకే. నాకు తెలియక కాదు, నోట్‌బుక్ రెండో పేజీలోనే రాసి పెట్టుకున్నాను. తొమ్మిదో అధ్యాయం ఊపులో రాసుకుంటూ పోయి మర్చిపోయాను. నాలుగుసార్లు దిద్దినా కంటపడలేదు.

పుస్తకం సొంతంగా వేసుకునేవాళ్ళకి ఇదే పెద్ద టెన్షన్. "ఆగండి, ఇక్కడేదో తేడాగా ఉంది" అనే మనిషి ఎదురుగా ఉండరు. నేను ఉద్యోగం చేసుకుంటూ తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా రాస్తాను. అచ్చుతప్పులు చూసేవారికీ, కవర్ వేసేవారికీ నా జీతంలోంచే ఇస్తాను. సైన్సు సరిచూసుకునే బాధ్యత మాత్రం పూర్తిగా నాది.

దెయ్యాల కథే కదా, ఇంత పట్టింపు దేనికి అని కొందరు అడుగుతారు. నా మటుకు నాకు, భయం నిలబడేది నమ్మకం మీదే. 1966లో హ్యూస్టన్‌లోని నాసా కేంద్రంలో, గాలి తీసేసిన గదిలో జిమ్ లెబ్లాంక్ అనే ఆయన స్పేస్‌సూట్ పరీక్షిస్తుంటే గొట్టం ఊడిపోయింది. 15 సెకన్లు తిరక్కుండానే స్పృహ తప్పింది. బతికి బయటపడ్డాక ఆయన చెప్పిందేంటంటే, స్పృహ పోయేముందు తన నాలుక మీద తడి బుడగలు కడుతున్నట్టు తెలిసిందట. నేను ఎన్ని రాత్రులు కూర్చుని ఊహించినా ఆ నాలుక మీది బుడగలు నాకు తట్టవు. నిజం దగ్గర అంత భయం దాగి ఉన్నప్పుడు, దాన్ని వదిలేసి అబద్ధం రాయడానికి మనసొప్పదు.

తేలిక దారి ఒకటుంది. కాంతికంటే వేగంగా కబురు పంపే యంత్రం కనిపెట్టారని ఒక్క వాక్యం ఇరికిస్తే సరిపోయేది. రెండురోజులు అదే ఆలోచించాను. మూడోరోజు తెల్లవారుజామున, అసలు ఆ ఆలస్యాన్ని ఉన్నది ఉన్నట్టుగా కథలోకి రానిస్తే ఏమవుతుందో చూద్దామని కూర్చున్నాను. దూరం 12 నిమిషాలు అనుకున్నాను.

ఇప్పుడు ఆ సన్నివేశంలో మాటామాటా లేదు. తండ్రి తెర ముందు కూర్చుని కూతురు పంపిన వీడియో చూస్తుంటాడు. ఆమె నవ్వుతూ ఏదో చెబుతుంటుంది. ఆమె వెనకాల, బయటికి తెరుచుకునే గది తలుపు పిడి మెల్లగా తిరుగుతుంది. అంగారకుడి మీదున్న ఆ స్థావరంలో ఆమె తప్ప వేరే మనిషి లేరు. తండ్రి "వెనక్కి తిరగకు తల్లీ" అని అరుస్తాడు. ఆ అరుపు ఆమెకి చేరడానికి 12 నిమిషాలు. ఆయన చూస్తున్నది జరిగి కూడా 12 నిమిషాలైపోయింది. ఆ తర్వాత ఆయన చేసేదేమీ ఉండదు, గడియారం చూడటం తప్ప. మొదటిసారి రాసినప్పుడు ఆ తలుపు దగ్గర ఏముందో వర్ణించాను. ఈసారి ఆ పేరా మొత్తం కొట్టేశాను. ఆ ఉదయం ఆఫీసుకి ఆలస్యమైంది.

అధ్యాయం మారితే పని అయిపోయినట్టు కాదు. 240 పేజీల పుస్తకం 256 పేజీలైంది. పుస్తకం సొంతంగా వేసుకునేవాళ్ళకి అచ్చువేసి పెట్టే అమెజాన్ కేడీపీ లెక్కలో క్రీమ్ కాగితానికి పేజీకి 0.0025 అంగుళాలు. అంటే స్పైన్, అదే పుస్తకాన్ని అరలో నిలబెడితే పేరు కనిపించే సన్నటి పట్టీ, 0.6 నుంచి 0.64కి పెరిగింది. మిల్లీమీటరే. అయినా ముందట్ట, వెనకట్ట, స్పైన్ అన్నీ ఒకే బొమ్మగా వెళ్తాయి కాబట్టి కవర్ మొత్తం మళ్ళీ సరిచేయించాలి. ఎలాగూ చేయిస్తున్నాం కదా అని రంగు కూడా మార్పించాను. తెర మీద ముదురు నీలంగా మెరిసిన ఆకాశం కాగితం మీద ఇంకు పీల్చుకుని ఒట్టి నలుపై కూర్చుంది మొదటిసారి. నక్షత్రాలు మచ్చల్లా కనిపించాయి.

కొత్త ప్రూఫ్ కాపీ వచ్చాక, అమ్మకానికి కాదని కవర్ మీద అడ్డంగా పట్టీ వేసి ఉన్న ఆ పుస్తకాన్ని గట్టిగా పైకి చదువుకుంటూ మళ్ళీ మొదటినుంచీ వెళ్ళాను. కంటికి దొరకని తప్పు నోటికి దొరుకుతుంది. ఇంకో మూడు దొరికాయి.

ఈ-బుక్ ఫైలు మార్చడం ఎంతసేపో పట్టదు. అప్పటికే కాగితం మీద అమ్ముడుపోయిన 41 కాపీలే నన్ను బాధపెడుతున్నాయి. అవి ఎవరి దగ్గరున్నాయో తెలిసే దారి లేదు. వాళ్ళ పుస్తకంలో ఆ తండ్రీకూతుళ్ళు ఇంకా ఆగకుండా మాట్లాడుకుంటూనే ఉంటారు. మీలో ఎవరి దగ్గరైనా పాత కాపీ ఉంటే నాకు రాయండి, కొత్తది పంపిస్తాను.

మెయిల్ రాసిన ఆయనకి మొదటి కాపీ పంపి, కృతజ్ఞతల్లో మీ పేరు వేసుకోవచ్చా అని అడిగాను. పేరు వద్దన్నారు. "తొమ్మిదో అధ్యాయాన్ని ఆపి అడిగిన పాఠకుడికి" అని వేశాను.