అంబ్వాజ్‌లో పొట్టి గుమ్మం

మా అక్కా బావా పారిస్ దగ్గర ఉంటారు, ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు ఐఫిల్ టవర్, లూవ్ర్ మ్యూజియం అన్నీ చూసేశాక బావ ఒక ఆదివారం అంబ్వాజ్ వెళ్దాం అన్నాడు. నేను ఆ పేరు వినడమే మొదటిసారి. అక్క పొద్దున్నే లేచి పులిహోర కలిపి డబ్బాలో పెట్టింది, అదే మమ్మల్ని కాపాడింది, అది తర్వాత చెప్తాను.

స్టేషన్ లువార్ నదికి ఇవతల ఒడ్డున ఉంది, ఊరు అవతల. మధ్యలో ఇల్ డోర్ అని ఒక లంక ఉంటుంది, దాని మీదుగా బ్రిడ్జి దాటుతుంటే ఎదురుగా తెల్లరాతి కోట, కింద నదిలో ఇసుక తిన్నెలు. ఫ్రాన్స్‌లో అన్నిటికన్నా పొడవైన నది ఇదే, వెయ్యి కిలోమీటర్ల పైనే, కానీ మేం వెళ్ళినప్పుడు నీళ్ళు పల్చగా ఉన్నాయి, ఎండాకాలం గోదావరిలాగే.

కోటలో చాలా గదులున్నాయి, మంచాలు, పొయ్యిలు, కుర్చీలు... నిజం చెప్పాలంటే మూడో గదికే నాకు అన్నీ ఒకేలా అనిపించాయి. కానీ ఒక పొట్టి గుమ్మం కథ మాత్రం వదల్లేదు. ఎనిమిదో చార్లెస్ అనే రాజు ఈ కోటలోనే పుట్టాడు, దీన్ని పెద్దగా కట్టించిందీ ఆయనే, ఇటలీ మీద దండెత్తి వెళ్ళి అక్కడి పనివాళ్ళని కూడా వెంటబెట్టుకొచ్చాడు. అలాంటివాడు 1498 ఏప్రిల్ 7న బంతాట చూడ్డానికి వెళ్తూ గుమ్మానికి తల కొట్టుకున్నాడు. ముందు బాగానే ఉన్నాడు, ఆట చూశాడు, మాట్లాడాడు, తర్వాత ఉన్నట్టుండి పడిపోయి కొన్ని గంటల్లో పోయాడు. అప్పటికి వయసు 27. పిల్లలెవరూ మిగల్లేదు కాబట్టి రాజ్యం పన్నెండో లూయీకి వెళ్ళింది, ఆ లూయీ ఈయన భార్య ఆన్‌నే పెళ్ళి చేసుకున్నాడు. మా బావ ఆరడుగుల మనిషి, ఈ కథ విన్నాక కోటలో ప్రతి తలుపు దగ్గరా వంగి నడిచాడు, అక్క నవ్వాపుకోలేకపోయింది.

నవ్వు ఎక్కువసేపు లేదు లెండి. 1560లో రాజుని పట్టుకుపోవాలని కుట్ర చేశారని ప్రొటెస్టెంట్లని పట్టుకుని చంపి శవాలని ఈ కోట బాల్కనీకే వేలాడదీశారట, ఇప్పుడు అక్కడ నిలబడి అందరూ సెల్ఫీలు తీసుకుంటున్నారు (మేమూ తీసుకున్నాం).

తోటలో ఒక మూల సెయింట్ ఉబేర్ చాపెల్, చిన్నదే, అందులో లియొనార్డో డావించి సమాధి. ఆయన్ని మొదట పాతిపెట్టింది కోటలోని వేరే చర్చిలో, దాన్ని 19వ శతాబ్దం మొదట్లో పడగొట్టేశారు, తర్వాత తవ్వకాల్లో దొరికిన ఎముకలు ఆయనవే అనుకుని ఇక్కడ పెట్టారు. అనుకుని, అంతే. అయినా జనం నిశ్శబ్దంగా నిలబడి చూస్తున్నారు, నేనూ చూశాను.

అక్కణ్ణుంచి పది నిమిషాలు నడిస్తే క్లో లూసె, ఎర్ర ఇటుకల ఇల్లు, 1516లో మొదటి ఫ్రాన్స్వా రాజు పిలిస్తే లియొనార్డో వచ్చి ఉన్నది ఇక్కడే, 1519 మే 2న పోయిందీ ఇక్కడే. మోనాలిసాని ఆయనే వెంట తెచ్చుకున్నాడట! నాలుగు రోజుల ముందే లూవ్ర్‌లో జనాల తలకాయల మధ్య నుంచి ఆ బొమ్మని చూసి, ఇటలీ ఆయన వేసింది ఇక్కడెందుకుందబ్బా అనుకున్నాను, జవాబు ఇక్కడ దొరికింది. రాజు చేతుల్లోనే ప్రాణం విడిచాడని చెప్పే కథ మాత్రం నిజం కాదంటారు, రాజు ఆ రోజుల్లో పారిస్ దగ్గరే ఉన్నాడట. కింది అంతస్తులో ఆయన గీసిన యంత్రాలకి మోడల్స్ చేసి పెట్టారు, ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కదా, నేను అక్కడే గంటన్నర ఉండిపోయాను.

బయటికొచ్చేసరికి మూడు దాటింది. తిందామని వెళ్తే వంట అయిపోయిందన్నారు, రెండో చోట కూడా అదే మాట. ఇంకేం చేస్తాం, లంకలోకి వెళ్ళి గడ్డి మీద కూర్చుని కోటకి ఎదురుగా పులిహోర తిన్నాం, పొద్దున సంతలో కొన్న మేక చీజ్ కూడా తీశాం, దాని మధ్యలో గడ్డిపుల్ల ఉంటే ఏదో పడిందనుకుని నేను లాగి పారేశాను, అది అలా పెట్టడమే ఇక్కడి పద్ధతి అని బావ నవ్వాడు. పులిహోరలోకి మాత్రం అస్సలు బాలేదు.