హోల్డింగ్ పేరు మార్పు: మా నాన్నగారికి నేను కొడుకునని రుజువు చేసుకున్న అయిదు వారాలు

మున్సిపాలిటీ పన్ను రిజిస్టర్లో మా ఇల్లు (వాళ్ల భాషలో హోల్డింగ్) నాన్నగారి పేరు నుంచి నా పేరుకు మారిందన్న కాగితం మొన్న మంగళవారం సాయంత్రం నాలుగున్నరకు నా చేతికి వచ్చింది. వేడి మీదే రాసేస్తున్నాను. నాలుగు రోజులు ఆగితే కోపం చల్లారుతుంది, దాంతోపాటు వివరాలూ పోతాయి.

మాది ఒడిశా సరిహద్దులో ఒక చిన్న పట్టణం. బరంపురం నుంచి జయపురం దాకా తెలుగువాళ్లున్న ఊళ్లు చాలా ఉన్నాయి, వాటిలో ఏదో ఒకటి అనుకోండి. పేరు రాయను. రేపు ఇంకో పని పడితే మళ్లీ అదే కిటికీ ముందు నిలబడాల్సినవాణ్ణి.

అసలు నేను వెళ్లింది పేరు మార్పు కోసం కాదు. మా ఇంటి ముందు మురుగుకాలువ మీద సిమెంటు పలక విరిగి, పాలు పోసే అబ్బాయి సైకిలు చక్రం అందులో దిగింది. ఫిర్యాదు రాసుకుని మున్సిపాలిటీకి వెళ్లాను. గుమాస్తా హోల్డింగ్ నంబరు అడిగి, కంప్యూటర్లో చూసి, "యజమానిని రమ్మనండి, ఆగ్యా" అన్నాడు. ఇక్కడ 'ఆగ్యా' అంటే మన 'అండీ' లాంటిది. ఎంత కఠినమైన మాటకైనా చివర అది తగిలిస్తే సరిపోతుందని కొందరి నమ్మకం. యజమాని మా నాన్నగారు. ఆయన పోయి ఆరేళ్లు దాటింది. ఆ మాటే చెప్పాను. "అయితే పన్ను బకాయి కూడా ఉంది" అన్నాడు. కాలువ గురించి అడగడానికి వెళ్లినవాణ్ణి బకాయిదారుణ్ణై ఇంటికి వచ్చాను.

బిల్లు ఇంటికి రాలేదు కాబట్టి కట్టలేదు అనడం ముప్పై నాలుగేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాడు చెప్పాల్సిన సాకు కాదు. కానీ ఆ సాకే చెప్పాను. ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు, ఇప్పుడే ఎందుకు అడుగుతున్నారన్నది మాత్రం తర్వాత తెలిసింది. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఒక షరతు పెట్టింది. ఆస్తిపన్నుకు కనీస రేట్లు ప్రకటించాలి, వసూళ్లు కనీసం రాష్ట్ర స్థూల ఉత్పత్తి పెరిగే వేగంతోనైనా పెరగాలి, లేకపోతే మున్సిపాలిటీలకు ఇచ్చే గ్రాంటుకు అర్హత పోతుంది. అందుకే పాత రిజిస్టర్లన్నీ దుమ్ము దులిపి కంప్యూటర్లోకి ఎక్కించారు. ఆ దులుపుడులో మా నాన్నగారు మళ్లీ లేచి కూర్చున్నారు.

బకాయి 6,048 రూపాయలన్నారు. ఏడాదికి 864. ఏడుతో హెచ్చవేస్తే సరిగ్గా 6,048. కానీ కట్టనిది ఆరేళ్లే. ఇంటికి వచ్చి నాన్నగారి ట్రంకు పెట్టె తీశాను. ఆయన పోయిన సంవత్సరం రసీదు అందులోనే ఉంది, వెనక పెన్సిలుతో 'కట్టితిని' అని ఆయన చేతిరాత. మర్నాడు ఆ రసీదు బల్ల మీద పెట్టి, 5,184 మాత్రమే కడతానన్నాను. పన్నుల గుమాస్తా కాలిక్యులేటరు తీసి రెండుసార్లు కొట్టి చూసుకున్నాడు. నేను నోటితోనే చెప్పాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను గెలిచింది ఆ ఒక్క పూటే కాబట్టి కాస్త గొప్ప చెప్పుకోనివ్వండి.

ఇల్లు నా పేరుకు మారితే తప్ప కాలువ ఫిర్యాదు కదలదు. ఆ పేరు మార్పులో తర్వాతి మెట్లు సులువుగానే గడిచాయి. తహసీల్దారు కచేరీలో వారసుల ధ్రువపత్రం పంతొమ్మిది రోజుల్లో వచ్చింది, ఎవరికీ టీ కూడా ఇప్పించలేదు. అమ్మ ముందే పోయింది. శ్రీకాకుళంలో ఉన్న చెల్లెలు అంగీకార పత్రం స్టాంపు కాగితం మీద రాయించి మర్నాడే పంపింది. మరణ ధ్రువపత్రం ఇంట్లోనే ఉంది. ఇక సంతకం పెట్టి ఇచ్చేస్తారనుకున్నాను.

అప్పుడు వచ్చింది మూడో కిటికీ.

అక్కడ కూర్చునే గుమాస్తా నలభై ఏళ్లవాడు, చొక్కా ఇస్త్రీ నలగనివాడు. దరఖాస్తు చూశాడు, కంప్యూటర్ చూశాడు, నన్ను చూశాడు. "తండ్రి పదబి రమణ. కొడుకు పదబి నారాయణ. కూతురు పదబి కుమారి. ఒకే ఇంట్లో మూడు పదబులా?" అన్నాడు.

ఒడియాలో ఇంటిపేరును పదబి అంటారు. నాన్నగారి పేరు వెంకటరమణ, నా పేరు సూర్యనారాయణ, చెల్లెలు పద్మకుమారి. ఇంటిపేరు మనకు ముందుంటుంది కదా. రిజిస్టర్లోని పేర్లను కంప్యూటర్లోకి ఎక్కించినవాళ్లు చివరి ముక్కను తెంపి పదబి గడిలో పడేశారు. మా అసలు ఇంటిపేరు మొదటి గడిలో పేరుగా కూర్చుంది. పైగా ఒడియాలో 'వ' ఉండాల్సిన చోట 'బ' రావడం మామూలే. విష్ణువు బిష్ణు అవుతాడు, వైకుంఠం బైకుంఠం అవుతుంది. మా నాన్నగారు బెంకట రమణ అయ్యారు.

ఓపికగానే చెప్పాను. "మాలో ఇంటిపేరు ముందు రాస్తాం బాబూ, పేరు వెనక వస్తుంది."

"ముందు వచ్చేది పేరు. వెనక వచ్చేది పదబి. మిశ్ర, సాహు, పట్నాయక్, అన్నీ వెనకే కదా?"

"అవి మీవి. ఈ ఊళ్లో సగం ఇళ్లవాళ్లకు ముందే ఉంటుంది."

"ఆ సంగతి కంప్యూటర్‌కు చెప్పండి" అని కాగితాలు నా వైపు తోశాడు. ఆ తోపుకు వారసుల ధ్రువపత్రం కింద పడింది. నేను వంగి తీసుకుంటుండగా, వెనక వరుసలో ఉన్న తొమ్మిది మందికీ వినపడేలా అన్నాడు: "ముందు మీ నాన్న ఎవరో తేల్చుకుని రండి, ఆగ్యా."

వరుసలో ఎవరో నవ్వారు. తిరిగి చూశాను. నా దగ్గర తొమ్మిదో తరగతి రెండుసార్లు తప్పినవాడు.

ఆ మాట అతను నన్ను అవమానించాలని అన్నాడో, పేరు ఏదో తేల్చుకోమనే అన్నాడో ఇప్పటికీ చెప్పలేను. ఒడియాలో అన్నాడు, నాకు ఒడియా బాగా వచ్చు, అయినా చెప్పలేను. అరవై మూడేళ్లవాణ్ణి. నాన్నగారి తలకు కొరివి పెట్టినవాణ్ణి. ఆయనకు చివరి రెండేళ్లు కళ్లు కనిపించకపోతే రోజూ పొద్దున్న పత్రిక చదివి వినిపించినవాణ్ణి. ఆ కిటికీ ముందు వంగి, కాగితం ఏరుకుంటూ, ఏ సమాధానమూ తోచక నిలబడ్డాను. బయటికి వచ్చి బస్టాండు దాకా నడిచాక గొడుగు అక్కడే వదిలేశానని గుర్తొచ్చింది. వెనక్కి వెళ్లలేదు.

ఇంట్లో చెప్పలేదు. కానీ మా ఆవిడ కనిపెట్టింది. "ఎందుకండీ ఇదంతా, ఆ కాలువ మీద మనమే ఒక పలక వేయించుకుంటే పోదా?" అంది. ఆవిడ మీద కేకలేశాను. ఆ గుమాస్తా మీద వేయాల్సినవి.

తర్వాత పదిహేను రోజులు 'కాలి ఆసంతు' రోజులు. రేపు రండి అని అర్థం. నోటరీ దగ్గర, ఈ రెండు పేర్లూ ఒకే వ్యక్తివని అఫిడవిట్ రాయించాను. నాలుగు వందలు తీసుకున్నాడు, అందులో మా నాన్నగారి పేరు మూడో రకంగా రాశాడు. మూడో కిటికీ దానిని తిప్పి పంపింది. అఫిడవిట్ అక్షరం తేడాకు పనికొస్తుందట, పదబి తేడాకు పనికిరాదట. పదబి మారాలంటే పత్రికల్లో ప్రకటన ఇచ్చి, గెజిట్‌లో వేయించాలట. అంటే నా ఇంటిపేరు నాదేనని నేను పత్రికలో వేయించుకోవాలి!

మా వార్డు కౌన్సిలరు దగ్గరకూ వెళ్లాను. 2022 మార్చి ఎన్నికలప్పుడు మా అరుగు మీద కూర్చుని టీ తాగి, పెద్దవారు మీరే ఆశీర్వదించాలన్న మనిషి. అంతకు ముందు మూడేళ్లకు పైగా ఊళ్లకు కౌన్సిళ్లే లేవు, అధికారులే నడిపారు. కౌన్సిలరంటూ ఒకరు వస్తే ఊరు బాగుపడుతుందని ఓటేసిన మూర్ఖుల్లో నేనొకణ్ణి. ఆయన నా పేరు మూడుసార్లు పలికాడు, మూడు రకాలుగా. చివరికి నేను సత్ప్రవర్తన గలవాణ్ణని ఒక కాగితం రాసి ముద్ర వేసి ఇచ్చాడు. సత్ప్రవర్తన! దాన్ని భద్రంగా దాచుకున్నాను, పొయ్యి అంటించడానికి.

ఇక ఎగ్జిక్యూటివ్ ఆఫీసరే దిక్కు. ఆమె గది బయట బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నాను. పక్కన కూర్చున్న ముసలి బంట్రోతుకు తెలుగు వచ్చు. అక్కడే పడి ఉన్న బడ్జెట్ పుస్తకం నేను తిరగేస్తుంటే, ఆయన దానికి వ్యాఖ్యానం చెప్పాడు. హోల్డింగ్ పన్ను, దీపాల పన్ను, కాలువల పన్ను, దుకాణాల లైసెన్సులు, మార్కెట్ గదుల అద్దె, కళ్యాణమండపం బాడుగ. ఊరి సొంత రాబడి అంటే ఇంతే. ఒకప్పుడు ఊళ్లోకి వచ్చే ప్రతి సరుకు మీదా ఆక్ట్రాయ్ అనే పన్ను వచ్చేది, 1999లో అది ఎత్తేశారు. అప్పటి నుంచి భువనేశ్వర్ నుంచి ఎంత వస్తే అంత. 2021–26 కాలానికి కేంద్రం గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికి ముడిపెట్టారు. మిగిలిన 40 శాతంతో జీతాలు ఇవ్వకూడదన్నారు. రాజ్యాంగం 12వ షెడ్యూలులో పట్టణాలకు 18 పనులు అప్పగించారని నేనే బడిలో పిల్లలకు చెప్పేవాణ్ణి. పని అప్పగించినవాళ్లు డబ్బు సంగతి ఎందుకు ఎత్తలేదో పిల్లలు అడగలేదు, నేనూ చెప్పలేదు.

"పన్ను వసూలుకు ఇంతకుముందు నలుగురుండేవాళ్లు మాస్టారూ. ఇద్దరు రిటైరయ్యారు. వాళ్ల చోట ఎవరూ రాలేదు" అన్నాడు బంట్రోతు. ఊడ్చేవాళ్లకు రోజుకూలి రెండు నెలలుగా అందలేదట. అది విన్నాక ఆరేళ్లు పన్ను కట్టని నా సంగతి గుర్తొచ్చింది. మూడో కిటికీ మీద కోపం మాత్రం తగ్గలేదు.

ఆఫీసరు పిలిచింది. కటక్ వైపు అమ్మాయి, మా చిన్నమ్మాయి వయసు ఉంటుంది. లేచి కుర్చీ చూపించింది. ఆ ఒక్క పనికే సగం కోపం పోయింది. నా చివరి ఆయుధం తీశాను: 1934లో మా తాత ఈ ఇల్లు కొన్న దస్తావేజు. మద్రాసు ప్రెసిడెన్సీ స్టాంపు, లోపలంతా తెలుగు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైన రోజున ఆయన ఈ ఇంటి అరుగు మీదే కూర్చుని ఉన్నాడట, కూర్చున్న చోటి నుంచి కదలకుండానే రాష్ట్రం మారాడు. ఆమెకు తెలుగు రాదు. బంట్రోతును పిలిచి చదవమంది. ఆయన కళ్లజోడు సవరించుకుని, గొంతు పెంచి, 'నా స్వార్జితమైన ఇంటిస్థలము మీకు శుద్ధవిక్రయము చేసితిని' అంటూ పురాణంలా చదివాడు. తాత ఇంటిపేరు, ముత్తాత ఇంటిపేరు, అన్నీ ముందే, అన్నీ ఒక్కటే. మూడో కిటికీ గుమాస్తా కూడా తలుపు దగ్గరకు వచ్చి విన్నాడు.

ఆమె అంతా విని, నిజంగా ముచ్చటపడి, "చాలా బాగుంది. కానీ దీన్ని ఏ గడిలో ఎక్కించాలి?" అని అడిగింది.

సమాధానం నా దగ్గర లేదు. ఆమె దగ్గరా లేదు. గుమాస్తా దగ్గర ఉంది: గెజిట్.

ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లెవరైనా ఈ తర్వాతి సంగతి మాత్రం జాగ్రత్తగా చదవండి. ఆఫీసరు గది నుంచి బయటికి వస్తుంటే మెట్ల కింద, ప్రింటర్ పక్కన, కంప్యూటర్ ముందు ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఒప్పంద ఉద్యోగి, బల్ల మీద పేరు పలక కూడా లేదు. "మాస్టారూ, మా అమ్మది టెక్కలి. నా పేరూ మొదట్లో ఇలాగే తిరగబడింది" అంది తెలుగులో. సవరణ అనే పేజీ తెరిచింది. నాన్నగారి వరుసలో మొదటి గడిలో ఉన్న ఇంటిపేరును పదబి గడిలోకి, మిగిలిన పేరంతా మొదటి గడిలోకి మార్చింది. నాదీ అంతే. చెల్లెలి వరుసలో తండ్రి పేరు సరిచేసింది. నాలుగు నిమిషాలు. సవరణ ఆమోదం కోసం మూడో కిటికీకే వెళ్లింది. గుమాస్తా తల ఎత్తకుండా మీట నొక్కాడు. ఇప్పుడు తండ్రీ కొడుకుల పదబి ఒకటే అయింది కదా, ఇక అభ్యంతరం ఏముంది?

కాబట్టి నా సలహా: పెద్ద గదులకు వెళ్లకండి, ప్రింటర్ ఎక్కడుందో వెతకండి. మీ నాన్నగారి రసీదులు ఒక్కటీ పారేయకండి. గొడుగు చేతిలోనే పట్టుకోండి. కౌన్సిలర్లకు టీ ఇవ్వకండి.

మంగళవారం కాగితం వచ్చింది. నా ఇంటిపేరు సరిగ్గా ఉంది. నా పేరు సరిగ్గా ఉంది. తండ్రి పేరు మాత్రం బెంకట రమణ. ఆ 'బ'ను చూశాను, చాలాసేపు చూశాను, మడిచి జేబులో పెట్టుకున్నాను. దాన్ని ముట్టుకుంటే మళ్లీ మూడో కిటికీ.

కొత్త యజమాని హోదాలో కాలువ ఫిర్యాదు కూడా ఇచ్చి వచ్చాను. నంబరు ఇచ్చారు. ఈ ఏడాది మరమ్మతుల పద్దు అయిపోయిందట, వచ్చే ఏడాది చూస్తారట. బుధవారం మేస్త్రీని పిలిచి పలక నేనే వేయించాను. ఆవిడ వాకిట్లో నిలబడి చూసింది, ఒక్క మాటా అనలేదు.

నిన్న పొద్దున్న ఆ పలక మీద నుంచే, ఇంటింటికీ నీటి బిల్లులు ఇచ్చే జలసాథీ అమ్మాయి నడిచి వచ్చింది, భుజాన సంచి, చేతిలో బిల్లుల యంత్రం. నీళ్ల లెక్క మున్సిపాలిటీది కాదు, వేరే శాఖది. వాళ్ల పుస్తకంలో ఇంకా ఏమీ మారలేదు.

"బెంకట రమణ బాబు ఉన్నారా?" అని పిలిచింది.

"ఉన్నారమ్మా. బిల్లు ఎంత?" అన్నాను.