తల్లి చెప్పిన మాట, కూతురు వాయించిన పియానో

తొమ్మిదో తరగతిలో నాజీల పాఠం చెప్పిన రోజున మన సాంఘికశాస్త్రం మాస్టారు పుస్తకం మూసేసి, "దీన్ని మార్కుల కోసం చదవకండిరా" అన్నారు. నేను మార్కుల కోసమే చదివాను. అరవై లక్షల మంది యూదులను చంపారని జవాబుపత్రంలో రాసి వచ్చాను. ఆ అంకె వెనుక ఇళ్లు, ఆ ఇళ్లలో పాఠాలు నేర్చుకునే పిల్లలు ఉన్నారన్న సంగతి 2014లో న్యూయార్క్‌లో ‘ది పియానిస్ట్ ఆఫ్ విల్లెస్‌డెన్ లేన్’ నాటకం చూసిననాడు గాని నా మనసుకు ఎక్కలేదు.

రంగస్థలం మీద ఒక పెద్ద పియానో, వెనుక బంగారు రంగు పటాల చట్రాలు, ఒకే ఒక్క నటి. ఆమె మోనా గోలాబెక్, స్వయంగా పియానో విద్వాంసురాలు. తన తల్లి లీసా యూరా కథను తల్లి నోటి మాటగా "నేను" అంటూ చెబుతుంది. నాజీల చేతిలోకి పోయిన ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పద్నాలుగేళ్ల లీసా పాఠానికి వెళ్లేసరికి, యూదు పిల్లలకు నేర్పడం నేరమైపోయిందని గురువు చెప్పలేక చెబుతాడు. 1938 నవంబరులో యూదుల దుకాణాల అద్దాలు పగిలాయి. పిల్లలను బ్రిటన్‌కు చేర్చే కిండర్‌ట్రాన్స్‌పోర్ట్ రైలులో దర్జీ అయిన తండ్రికి ఒక్క చోటే దొరికింది. కూతుళ్లు ముగ్గురు.

సంగీతాన్ని మాత్రం విడవవద్దని చెప్పి తల్లి లీసాను రైలెక్కించిన ఘట్టంలో, మూడో వరుసలో కూర్చున్న నాకు మోనా వేళ్లు స్పష్టంగా కనిపించాయి. గొంతు తగ్గినకొద్దీ ఆ వేళ్లు పియానో మెట్ల మీద మరింత నెమ్మదిగా, ఏదో నిద్రపోతున్నదాన్ని లేపకూడదన్నట్టు కదిలాయి. లండన్‌లో విల్లెస్‌డెన్ లేన్ అనే వీధిలోని వసతిగృహం నేలమాళిగలో, పైన బాంబులు పడుతుండగా సాగిన సాధన, రాయల్ అకాడమీ సంగీత కళాశాలలో ప్రవేశం, నార్వే స్వరకర్త గ్రీగ్ పియానో కోసం రాసిన కాన్చెర్టో ఆ తరువాతివి. తల్లిదండ్రులు నాజీల మరణశిబిరం ఆష్విట్జ్ నుంచి తిరిగి రాలేదు.

సంగీతమే లీసా ప్రాణం కాపాడిందని చాలామంది అంటారు. నేను అలా అనలేను. ప్రాణం కాపాడింది ఆ రైలు. సుమారు పదివేల మంది పిల్లలకు తలుపులు తీసిన అపరిచితులు. సంగీతం వల్ల ఆమెకు దక్కింది, రోజూ పియానో ముందు కూర్చున్నంతసేపూ అమ్మ మాట నిలబెట్టుకుంటున్నానన్న ధీమా.

మర్నాడు మాస్టారికి ఫోన్ చేసి కథంతా చెప్పబోతుండగా, రైలు ఘట్టం దగ్గరే ఆయన నన్ను ఆపి, "మిగిలిన ఇద్దరు ఆడపిల్లలూ ఏమయ్యారురా?" అని అడిగారు. ఇద్దరూ బతికి బయటపడ్డారని చెప్పాను. తల్లిదండ్రుల సంగతి ఆయన అడగలేదు.