నల్ల డబ్బాలకు పాఠం చెప్పిన సెమిస్టర్

మొదటి నెలంతా ఆన్‌లైన్ క్లాసులో నేను ఎక్కువసార్లు అన్న మాట "వినిపిస్తోందా?" అనే. స్క్రీన్ మీద అరవై రెండు పేర్లు, నాలుగు ముఖాలు, మిగతావన్నీ నల్ల డబ్బాలు. ప్రశ్న వేస్తే ఉలుకూ పలుకూ ఉండదు. ఆ నిశ్శబ్దం భరించలేక జవాబు కూడా నేనే చెప్పేసేవాణ్ణి.

కెమెరాలు ఆన్ చేయాల్సిందేనని పట్టుబట్టాను. వారం తిరక్కుండా ఒకమ్మాయి విడిగా మెసేజ్ పెట్టింది: "సార్, మాకు ఉన్నది ఒకటే గది. నా వెనక అందరూ తిరుగుతుంటారు." ఆ రోజే ఆ నియమం తీసేశాను.

ఓసారి నా క్లాసు రికార్డింగ్ నేనే పెట్టుకుని చూశాను. సిగ్గేసింది. ప్రశ్నకూ నా జవాబుకూ మధ్య రెండు సెకన్లు కూడా లేవు! టీచర్లు ప్రశ్న వేశాక సుమారు ఒక్క సెకనే ఆగుతారని, కనీసం మూడు సెకన్లు ఆగితే పిల్లలు వివరంగా జవాబిస్తారని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే రాశారు. అది మామూలు తరగతి గది లెక్క. ఇక్కడ మ్యూట్ తీయాలి, నెట్ సహకరించాలి, ముందు ధైర్యం రావాలి. అందుకే పక్కన గ్లాసుతో నీళ్లు పెట్టుకున్నాను. ప్రశ్న వేయడం, తాపీగా తాగడం.

అసలు మార్పు సంభావ్యత పాఠం రోజున కనిపించింది. వెయ్యి మందిలో ఒకరికి వచ్చే జబ్బు. జబ్బున్నవాళ్లను పరీక్ష దాదాపు తప్పకుండా పట్టేస్తుంది, లేనివాళ్లలో మాత్రం నూటికి ఒకరికి పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది. మీకు పాజిటివ్ వచ్చింది, నిజంగా జబ్బు ఉండే అవకాశం ఎంత? హార్వర్డ్‌లో ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1991 నుంచి ఫిజిక్స్ క్లాసుల్లో చేసిన పద్ధతే: ముందు ఎవరికి వారు ఓటు, తర్వాత పక్కవాళ్లతో వాదన, మళ్లీ ఓటు. మొదటి పోల్‌లో ఎక్కువమంది 99 శాతం అన్నారు.

బ్రేకవుట్ రూముల్లో, అంటే క్లాసును చిన్న గుంపులుగా విడదీసే ఆన్‌లైన్ గదుల్లో, ముగ్గురేసి చొప్పున నాలుగు నిమిషాలు వదిలాను. అంతకుముందు ఎనిమిదేసి మందిని వేస్తే ఒక్కరూ నోరు విప్పలేదు. ముగ్గురిలో దాక్కోవడం కష్టం. ఒక రూములోకి తొంగిచూస్తే, గలగలా మాట్లాడుతున్నవాళ్లు టక్కున ఆగిపోయారు. మళ్లీ వెళ్లలేదు.

తిరిగి వచ్చాక, సెమిస్టర్ మొత్తంలో గొంతే వినని అబ్బాయి మ్యూట్ తీశాడు. "సార్, జబ్బున్నది ఒక్కడికే. మిగతా 999 మందిలో దాదాపు పది మందికి ఊరికే పాజిటివ్ వస్తుంది. అంటే పదకొండు మందిలో ఒక్కడే కదా?" వెనక ఎవరో తలుపు బాదుతున్నారు. "ఆగమ్మా, క్లాసులో మాట్లాడుతున్నా" అన్నాడు మ్యూట్ చేయడం మర్చిపోయి.

రెండో పోల్‌లో ఎక్కువ ఓట్లు తొమ్మిది శాతానికే పడ్డాయి.

క్లాసు అయిపోయిందన్నాక కూడా అయిదారు పేర్లు కదలకుండా అలాగే ఉండిపోతాయి. లాగిన్ చేసి నిద్రపోయారని ఒకప్పుడు ఒళ్లు మండేది. ఇప్పుడు ఓ నిమిషం ఆగుతున్నాను. మొన్న అందులో ఒకమ్మాయి నిజంగానే డౌట్ అడగడానికి ఉంది. మిగతావాళ్లు మాత్రం నిద్రే అనుకుంటా.